ఉప్పెన ఎత్తు కలిపిందెవరు?

దయ్యాలంటే నాకెప్పుడూ నమ్మకం లేదు. ఇది చదివి మిమ్మల్ని నమ్మమనీ అడగను. జరిగింది జరిగినట్టు చెప్తాను.

బందరు దగ్గర సముద్రంలో గ్యాస్ టెర్మినల్ డిజైన్ పని మా కంపెనీకొచ్చింది. ద్రవరూపంలో వచ్చే గ్యాస్‌ని మళ్లీ మామూలు గ్యాస్‌గా మార్చే పెద్ద ఓడ సముద్రంలోనే కట్టేసి ఉంటుంది. అక్కణ్ణుంచి పైపులైను ఒడ్డుకొస్తుంది. ఓడ పని ప్రభుదాస్‌కిచ్చారు. కృత్తివెన్ను రొయ్యల చెరువుల మధ్య పైపులైను సర్వే నాకు పడింది.

ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నన్ను బావా అని పిలుస్తాడు. నేను మోకాలి లోతు బురదలో ఉంటే, వాడు గిలకలదిండిలో బోటెక్కి ఫొటోలు పెట్టేవాడు. నాకు కన్నుకుట్టేది.

ఒకసారి వాడి లెక్కలు మెయిల్లో నాకూ వచ్చాయి. ఓడని పైపుకి కలిపే గొట్టం పొడవు చూశాను. ఆటుపోట్లు లెక్కేశాడు గాని, ఉప్పెనకి నీరెంత లేస్తుందో కలపలేదు. ఓడ అంత పైకి లేస్తే గొట్టం తెగుతుంది, మనుషులు పోతారు. దివిసీమలో పుట్టినవాణ్ణి, ఇట్టే తెలిసింది.

చెప్పలేదు. శుక్రవారం మీటింగులో బయటి నిపుణులు పట్టుకోవాలి, అందరి ముందూ వాడి మొహం మాడాలి. అదీ నా కోరిక.

గురువారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నేను కృత్తివెన్నులోనే ఉన్నాను. ఇద్దరు సర్వేయర్లతో కలిసి చెరువు గట్టు మీదే అన్నం తిన్నాను.

మర్నాడు మీటింగులో ప్రభుదాస్ లేచాడు. "ఈ తప్పు పట్టింది మా బావండీ. నిన్న పదకొండింటికి ఆఫీసుకొచ్చి మరీ దిద్దాడు."

కాయితం నా ముందుకొచ్చింది. గురువారం పొద్దున తీసిన ప్రింటు అది. ఉప్పెన ఎత్తు కలిపి కొత్త పొడవు రాసుంది. రాత నాది. ఏడు అంకెకి నేను వేసే అడ్డగీత, కింద నా పొడి సంతకం.

టీ ఇచ్చే మేరమ్మ గారిని విడిగా అడిగాను.

"వచ్చారు కదండీ. టీ ఇస్తే వద్దన్నట్టు తలూపారు. బూట్లకి బురద లేదేంటా అనుకున్నాను," అంది.

అప్పటికే అందరూ చప్పట్లు కొట్టేశారు. వచ్చింది నేను కాదని చెప్పలేకపోయాను. డిజైన్లో ఇప్పుడా పొడవే ఉంది.

ప్రభుదాస్ మీద అసూయ ఎప్పుడో చల్లారింది. నేను చెయ్యాల్సిన పని చేసి వెళ్లిపోయినవాడెవరో మాత్రం ఇప్పటికీ తెలియదు. వాడి మీద ఇంకా చల్లారలేదు.