అంగారకుడి ముందర పిడికెడు కందులు

పచ్చడికని అమ్మ మూకుట్లో కందులు వేయిస్తే చాలు, ఇల్లంతా కమ్మటి వాసన అల్లుకుంటుంది, పిల్లలు వంటింటి గడప దగ్గర చేరిపోతారు. నాకు మాత్రం ఆ వాసనకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. పుంగనూరులో నేను నాలుగో తరగతి చదివిన ఏడు గుర్తొస్తుంది.

తొంభై ఏడు, ఆషాఢం. దుమ్ము రేపే గాలి, అంగళ్ళ ముందు ఆఖరి మామిడికాయల గంపలు, ఉప్పూకారం అద్దిన తోతాపురి ముక్కలు, సాయంత్రమైతే వీధిలో సైకిల్ టైర్లు దొర్లించే పిల్లలు, అన్నీ ఎప్పటిలాగే ఉన్న రోజుల్లో, అంగారకుడి మీద ఒక బుల్లి బండి దిగిందని ఊరంతా ఒకటే సందడి. బస్టాండు దగ్గరి టీవీల అంగడి ముందు పాలక్యాన్ల వాళ్ళు, చౌడేపల్లె ఆటోల వాళ్ళు, బడికి పోవలసిన మేమూ మెడలు చాచి నిలబడేవాళ్ళం. ఎర్రటి నేల, రాళ్ళు, మేకపిల్లంత బండి, దానికి ఆరు చక్రాలు. "మన మిట్టల మాదిరే ఉండాది కదప్పా, నీళ్ళే లేవు" అని ఒకాయన అంటే, "మనకు మాత్రం యాడుండాయిలే" అని ఇంకొకాయన. అందరూ ఘొల్లుమన్నారు.

నేను నవ్వలేకపోయాను. అప్పటికే అమ్మను మదనపల్లె ఆసుపత్రిలో చేర్చారు. నెలలు నిండకముందే కాళ్ళూ మొహమూ వాచి, బీపీ ఎక్కువై, తల్లీబిడ్డా ఇద్దరూ దక్కడం కష్టమని డాక్టరమ్మ అన్నదట. నాయన అక్కడే ఉండిపోయాడు, ఇంట్లో అవ్వా నేనూ మిగిలాం. మా అవ్వకు అంగారకుడంటే వణుకు. మంగళవారం గోళ్ళు తీయనిచ్చేది కాదు, కొత్తగుడ్డ కట్టనిచ్చేది కాదు. గుడిలో నవగ్రహాల దగ్గరికి పోయి, ఎర్రగుడ్డలో కందులు పోసి ఆయన ముందర పెట్టి వచ్చేది. బండి సంగతి విన్నప్పటినుంచీ ఆమెకు అన్నం సయించలేదు.

"ఆయన నెత్తిన బండి తోలి సంబరాలు సేసుకుంటాండారే! ఆ కోపం యాడ సూపిస్తాడో ఏమో. మీ అమ్మ సూస్తే ఆడ అట్లుండాది" అని నన్ను ఒళ్ళోకి లాక్కుంది. నాకు ఇంకా భయమేసింది.

సరిగ్గా అప్పుడే, కుప్పం నుంచి కొత్తగా వచ్చిన సైన్సు సారు బడిలో అంగారకుణ్ణే తయారుచేయించాడు. బల్ల మీద ఎర్రమన్ను పరిచి, అగ్గిపెట్టెలకు సోడామూతల చక్రాలు, చీపురుపుల్లల ఇరుసులు పెట్టి, పైన మిఠాయి డబ్బా వెండి కాగితం అతికించి బండి చేశాం. ప్రదర్శన మంగళవారమన్నాడు. బండిని తోసే పని నాకిచ్చాడు. మిగతా పిల్లలు కుళ్ళుకున్నారు, నాకు మాత్రం అవ్వ మాటలే గుర్తొచ్చాయి.

ఆ పొద్దున డబ్బాలోంచి పిడికెడు కందులు గౌను జేబులో పోసుకుని బడికి పోయాను. ఊరి పెద్దలు, పిల్లల తల్లులు బల్ల చుట్టూ మూగారు. ఎవరూ ఏమీ అనకముందే ఆ కందులు ఎర్రమన్ను నడుమ పోసి, మా అమ్మను ఏమీ చేయొద్దని లోపల్లోపలే వేడుకున్నాను. సారు మొహం వెలిగిపోయింది.

"సబాష్! రాళ్ళు గూడా తెచ్చిందప్పా ఈ పాప! ఇంగ తోలు."

కందులనే చూస్తూ నిలబడ్డాను. మళ్ళీ గద్దించాడు, తోశాను. వాలుగా పెట్టిన పలక మీదినుంచి బండి జర్రున దిగి నేరుగా ఆ కందుల మీదికెక్కి, పల్టీ కొట్టింది. జనం నవ్వారు. ఆయనకు పెట్టినదాన్నే ఆయన ఎదుట తొక్కించాను, ఇక అమ్మ లేదు అనుకున్నాను.

అంతలో బడి గేటు దగ్గర నాయన కనిపించాడు, గడ్డం పెరిగి, చొక్కా నలిగి. ఆయన నోటినుంచి ఆ మాట వినలేక బల్ల కిందికి దూరి చెవులు మూసుకున్నాను. నాయన వంగి నా చేతులు విడదీశాడు.

"యాల దాక్కుంటాండావు పాపా? అమ్మ బాగుండాది. పొద్దున సెల్లెలు పుట్టింది."

నమ్మలేదు. మదనపల్లె బస్సులో దారంతా ఏడుస్తూనే ఉన్నాను. ఆసుపత్రి మంచం మీద అమ్మ చెయ్యి పట్టుకున్నాకే ఏడుపు ఆగింది.

అవ్వ పోయి చాలా కాలమైంది. టీవీల అంగడి సెల్‌ఫోన్ల షాపయింది, గుంపుగా నిలబడి అంగారకుడి రాళ్ళను చూసి నవ్వుకునే జనం లేరు. ఆ బుల్లి బండి కూడా కొన్ని నెలలకే పలకడం మానేసిందట. తర్వాత ఇంకా పెద్ద బండ్లు దిగాయి. దిగే ప్రతిసారీ ఆ మంగళవారం పుట్టిన చెల్లెలు ఫోను నా ముందుకు తెచ్చి "సూడక్కా, దిగతాండాది!" అని కేకేస్తుంది. నేను ఫోను వైపు చూడను. దిగిందని చెల్లెలు చెప్పేదాకా, పొయ్యి దగ్గర నిలబడ్డ అమ్మనే చూస్తూ ఉంటాను.