అవ్వ ఇంట్లో మా పి.పి. నంబరు

మస్కట్‌లో మా అమ్మాయి వాళ్లు పోయిన నెల కొత్త ఫ్లాటుకు మారారు. సామాను సర్దడం సగం కూడా కాలేదు, వంట గిన్నెలు ఇంకా అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, కానీ ఇంటికి ఏ కంపెనీ ఇంటర్నెట్ పెట్టించుకోవాలన్న చర్చ మాత్రం మొదటి రోజు నుంచే నడుస్తున్నది. అల్లుడు ఒకటంటాడు, అమ్మాయి ఇంకొకటంటుంది. ఒకదాంట్లో వేగం ఎక్కువట, ఇంకొకదాంట్లో ఒప్పందం ఏడాదికే అయిపోతుందట, మూడోదానికి గోడకు రంధ్రం వేయనక్కర్లేదట. చివరికి ఇద్దరూ కలిసి ఆ భారం నా నెత్తిన పెట్టారు. రోజంతా ఇంట్లో ఉండేది నువ్వే, ఎక్కువ చూసేదీ నువ్వే, కాబట్టి నువ్వే తేల్చు అమ్మీ అని నాలుగు రంగుల కాగితాలు నా ముందు పరిచి అమ్మాయి ఆఫీసుకు వెళ్లిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పి రిటైరైనదాన్ని, సంధులూ సమాసాలూ అడిగితే విడదీసి పెడతాను గానీ ఈ మెగాబైట్ల సంగతి నాకేం తెలుస్తుంది! కళ్లద్దాలు పెట్టుకొని కాగితాలు తిప్పుతూ కూర్చున్నాను గానీ మనసు వాటి మీద నిలవలేదు. దూరాన ఉన్న మనిషి మాట ఏ దారిన రావాలన్న నిర్ణయం నా చేతికి రావడం ఇది రెండోసారి. మొదటిసారి నేను చేసిన ఎంపిక గుర్తుకొచ్చి, ఆ మధ్యాహ్నమంతా దాంతోనే గడిచిపోయింది.

అప్పుడు మేము భువనగిరిలో ఉండేవాళ్లం. ఎనభైలు ముగింపుకొస్తున్న రోజులు. మా ఆయన ఏసీ మెకానిక్, సౌదీలోని దమ్మాంలో రెండేళ్ల కాంట్రాక్టు దొరికి వెళ్లారు. అప్పటికి మా పాపకు రెండేళ్లు నిండాయి. ఇంట్లో నేనూ, పాపా, మా అత్తమ్మా. నేను దగ్గరి పల్లె బడిలో తెలుగు పంతులమ్మను. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బతుకుదెరువు తెలుగు. ముస్లిం పిల్ల తెలుగు పాఠం చెప్తుందా అని మొదట్లో ఆశ్చర్యపోయిన వాళ్లే తర్వాత తమ పిల్లల చేతిరాత బాగు చేయమని నా దగ్గరికి పంపేవాళ్లు. ఆ ముచ్చట చెప్పుకుంటూ పోతే అదే ఒక పుస్తకమవుతుంది, ఇప్పటికి వదిలేస్తాను.

ఆ రోజుల్లో ఇంటికి ఫోను అంటే ఏమిటో మన తరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అంతదాకా మనకు దిక్కు పి.పి. నంబరే. ఎవరి ఇంట్లోనో ఉన్న ఫోను నంబరును మనదిగా రాసుకొని, పక్కన బ్రాకెట్లో పి.పి. అని పెట్టుకునేవాళ్లం. పెళ్లిపత్రికల మీద, ఉద్యోగం దరఖాస్తుల మీద, చివరికి కొందరి ఇంటి తలుపు మీద కూడా ఆ రెండక్షరాలు ఎంత దర్జాగా కనిపించేవో! పరాయి ఫోను అని చిన్నతనం ఎవరికీ ఉండేది కాదు, పిలిచి చెప్పేవాళ్లకూ విసుగుండేది కాదు.

ఏ నంబరు పి.పి.గా ఇవ్వాలన్న దగ్గర మా ఇంట్లో పెద్ద పంచాయితీ జరిగింది. స్టేషన్ రోడ్డులో మా ఆయనకు వరుసకు మామయ్యే వారి మందుల దుకాణం ఉండేది. ఫోనుంది, మనవాళ్లు, మన జబాన్ మాట్లాడేవాళ్లు, ఆలోచించేదేముందని అత్తమ్మ పట్టు. ఇంకొకటి మా వెనక గోడ అవతలి ఎరువుల దుకాణం వాళ్ల ఇల్లు. ముందర దుకాణం, వెనక కాపురం, ఫోను మాత్రం నడింట్లో, ఆ ఇంటి పెద్దావిడ మంచం పక్కన. ఆవిడను వాడంతా అవ్వ అనేది, మేమూ అవ్వ అనే పిలిచేవాళ్లం. ఫోనుకు పూలు కుట్టిన గుడ్డ ఒకటి కప్పి, తిప్పే చక్రానికి చిన్న ఇత్తడి తాళం వేసి, ఆ తాళంచెవిని మెళ్లో పుస్తెలతాడుకే కట్టుకునేది అవ్వ. వచ్చే ఫోనుకు తాళం అడ్డం రాదు కాబట్టి మాకు ఇబ్బంది లేదు.

నేను అవ్వ ఇంటికే ఓటేశాను. ఎందుకో అత్తమ్మకు చెప్పలేకపోయాను, ఇన్నేళ్ల తర్వాత మీకు చెప్పడానికి సిగ్గెందుకు. మందుల దుకాణంలో ఎప్పుడు చూసినా నలుగురు నిలబడి ఉంటారు. జ్వరం గోలీల కోసం వచ్చినవాళ్లంతా వింటుండగా నా మొగుడితో నేనేం మాట్లాడగలను? పైగా మామయ్య నోట్లో నువ్వుగింజ నానదు. నేను మధ్యాహ్నం ఫోన్లో ఏడిస్తే ఎందుకేడ్చానో సాయంత్రానికి మొహల్లా అంతా తెలుస్తుంది. అవ్వకైతే ఉర్దూ అంతంత మాత్రం. గాజులమ్ముకునే అతనితో బేరమాడేంత వచ్చు, అంతకుమించి రాదు. పక్కనే కూర్చున్నా నా మాట నాదే అవుతుంది. అర్థం కాని మనిషి పక్కనుంటేనే మనసు విప్పి మాట్లాడుకోవచ్చని లెక్క వేసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

రెండేళ్లు ఆ ఏర్పాటు బ్రహ్మాండంగా నడిచింది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి, నేను బడి నుంచి వచ్చి మొహం కడుక్కునే వేళకు, ఆయన దమ్మాంలోని టెలిఫోన్ కేబిన్ నుంచి చేసేవారు. మొదట ఒకసారి చేసి పిలవమని చెప్పి పెట్టేస్తారు, పది నిమిషాలాగి మళ్లీ చేస్తారు. ఈలోగా అవ్వ వెనక గోడ దగ్గరికొచ్చి, “ఓ టీచరమ్మా, దమ్మాం మోగింది, ఉరికి రా” అని కేకేసేది. ఆవిడకు మా ఆయన పేరే దమ్మాం అయిపోయింది. పాపను చంకనేసుకొని పరుగెత్తేదాన్ని. పాప రిసీవరును రెండు చేతులా పట్టుకొని మూతి ఆనించి ఊపిరి వదిలేది తప్ప మాట్లాడేది కాదు, ఆ ఊపిరి వినడానికే ఆయన ఒక నిమిషం ఖర్చు పెట్టేవారు.

కాంట్రాక్టు ముగియడానికి రెండు నెలల ముందు ఆయన దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. కంపెనీ ఇంకో రెండేళ్లు ఉండమంటున్నది, సంతకం పెడితే మధ్యలో సెలవు లేదు, నాకేమీ తోచడం లేదు, నువ్వు ఏది చెప్తే అదే చేస్తాను, త్వరలో ఫోన్లో అడుగుతాను, ఆలోచించుకో అని రాశారు. ఆలోచించుకోవడానికి నాకేముంది? నాకు ఆయన కావాలి. పాప నాలుగేళ్లది, తండ్రి అంటే నల్లటి రిసీవరు అనుకుంటున్నది. నా జీతం ఉంది, ఆయన చేతిలో పని ఉంది, ఏ కూలర్లో బాగు చేసుకుంటూ ఇక్కడే బతకవచ్చు. వచ్చేయండి అని చెప్దామని తీర్మానించుకున్నాను. బడికి వెళ్లే బస్సులో ఆ ఒక్క మాటను ఎన్ని రకాలుగా వల్లె వేసుకున్నానో లెక్క లేదు. గట్టిగా అనాలా, మెల్లగా అనాలా, ముందు పాప సంగతి ఎత్తాలా అని.

ఒక సోమవారం నేను బడిలో ఉండగా, అత్తమ్మ పాపను తీసుకొని కళ్లు చూపించుకోవడానికి దవాఖానకు వెళ్లిన వేళలో, ఎప్పుడూ లేనిది పొద్దున పదకొండింటికి ఫోను మోగింది. ఇంట్లో ఎవరూ లేరని అవ్వ చెప్పింది. ఆయన అవ్వకే నాలుగు ముక్కలు చెప్పి పెట్టేశారు. సాయంత్రం నేను బస్సు దిగి వచ్చేసరికి అవ్వ మా గుమ్మంలోనే కూర్చొని ఉంది. గోడ మీది నుంచి కేకేసే మాట కాదనుకుందేమో, అంతగా నడవలేని మనిషి సందు చుట్టూ తిరిగి వచ్చింది.

“నిన్న సంతకం జేసిండట బిడ్డా. రేపు గిదే యాళ్లకు ఫోన్ జేస్తడట. జర ఇంట్ల ఉండుమన్నడు” అంది.

అడుగుతానన్న మనిషి అడగకుండానే సంతకం పెట్టేశారా అని మొదట కోపమొచ్చింది, తర్వాత కంపెనీ వాళ్లు తొందర పెట్టి ఉంటారులే అని జాలేసింది. ఆ రాత్రి పాపకు అన్నం తినిపిస్తూ, రేపు ఫోన్లో ఏడవకూడదని మాత్రం ఒట్టు పెట్టుకున్నాను. అయిపోయినదానికి ఇక్కడ నేనేడిస్తే అక్కడ ఆయన రెండేళ్లూ ఏడుస్తూనే ఉంటారు.

మంగళవారం సెలవు చీటీ రాసిచ్చి అవ్వ ఇంట్లో కూర్చున్నాను. ఫోను మోగింది. లైన్లో ఒకటే గరగర. ఆయన గొంతు ఎక్కడో బావిలో నుంచి వచ్చినట్టుంది. ఏమంటావని అడిగారు. ఠీక్ హై అన్నాను. ఇక్కడి ఫికర్ నక్కో కరో, బెంగ పెట్టుకోకండి అన్నాను. ఆలోచించే అంటున్నావా అని మళ్లీ అడిగారు. ఆలోచించే అంటున్నాను, రెండేళ్లు ఎంతలో గడిచిపోతాయి అన్నాను. నవ్వాను కూడా. అవతల కాసేపు గరగర తప్ప ఏమీ వినపడలేదు. లైను బాగాలేదనుకున్నాను. సరే అని ఆయన పెట్టేశారు.

రెండేళ్లు ఎంతలో గడిచిపోతాయని నేను అన్నాను గానీ అవి అంత సులువుగా గడవలేదు. పాప అక్షరాలు నేర్చుకుంది, పాలపళ్లు రెండు ఊడాయి, పొంగు పోసి తగ్గింది. శుక్రవారాలు వచ్చాయి, పోయాయి. తర్వాత ఆయన పూర్తిగా తిరిగొచ్చారు, ఒక బుధవారం నాడు, రెండు పెద్ద సూట్‌కేసులతో. ఆరేళ్ల పిల్ల ఆయన్ను చూసి తలుపు వెనక్కి పోయింది. బొమ్మ ఇస్తే తీసుకుంది, మనిషి దగ్గరికి మాత్రం రాలేదు. కొత్త కదా, రెండు రోజులాగితే అలవాటవుతుందని అత్తమ్మ సముదాయించింది.

రెండో రోజు దాటి శుక్రవారం వచ్చింది. సాయంత్రం చూస్తే పిల్ల ఇంట్లో లేదు. సందులో లేదు, ఆడుకునే పిల్లల్లో లేదు. ఇద్దరం వెతుక్కుంటూ పోతే అవ్వ ఇంట్లో దొరికింది. ఫోను పక్కన పీట మీద బాసింపట్టు వేసుకొని, ఫ్రాకు సర్దుకొని, బుద్ధిగా కూర్చొని ఉంది. మా అబ్బా ఫోన్ చేస్తాడు, ఐదు కావొస్తున్నది అంది. తండ్రి ఎదురుగానే నిలబడి ఉన్నారు.

ఆయన మొహం చూడలేక నేను గోడ వైపు తిరిగాను. అవ్వ మాత్రం పిల్ల అమాయకత్వానికి పకపకా నవ్వి, మా ఆయన చెయ్యి పట్టుకొని తన మంచం మీద కూర్చోబెట్టుకుంది. నాలుగేళ్లు తన ఫోను చేసిన కొలువు గురించి చెప్పుకోవాలని ఆవిడకు ఎంత ముచ్చటగా ఉందో!

“గీ ఫోన్ల నువ్వు జెప్పిన మాట ఒక్కటన్న ఎక్కువ తక్కువ జెప్పిన్నా బిడ్డా? మరి నాకు మీ తురకం రాకపాయె. గా దినం గూడ, నిన్న సంతకం జేసిండు, రేపు ఫోన్ జేస్తడు అని ఉన్నదున్నట్టు జెప్పిన. అడుగు నీ పెండ్లాన్ని.”

ఆయన నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఉర్దూలో కల్ అంటే నిన్నా అవుతుంది, రేపూ అవుతుంది. తెలుగు వచ్చిన మనిషే గానీ, ఆ తొందరలో నోటికొచ్చిన ఉర్దూలోనే, రేపు సంతకం, రేపు ఫోను అనడానికి కల్ దస్తఖత్, కల్ ఫోన్ అని ఆయన లైను గరగరలో అరిచి ఉంటారు. అవ్వకు ఆ మాట రెండు అర్థాలూ తెలుసు పాపం, అందుకే ఒక కల్‌కు నిన్న ఇచ్చి, ఇంకో కల్‌కు రేపు ఇచ్చి న్యాయంగా పంచిపెట్టింది. అదే మాట కల్‌గా నా చెవిన పడి ఉంటే నేను రెండోసారి ఆలోచించేదాన్ని. శుభ్రమైన తెలుగులో నిన్న అని వచ్చేసరికి, తెలుగు పంతులమ్మను కదా, అనుమానమే రాలేదు. ఆ మంగళవారం నాటికి ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. నేనేమంటానో విని, అక్కడి నుంచి ఆఫీసుకు పోదామని వచ్చి ఫోను చేశారు.

“బరాబర్ జెప్పినవ్ అవ్వా, నీ అసొంటోళ్లు ఎవరుంటరు” అన్నారు మా ఆయన. అవ్వ చేతిని కళ్లకద్దుకున్నారు. పిల్లను ఎత్తుకోబోతే రాలేదు, వేలు మాత్రం అందించింది. ఆ వేలు పట్టుకొని ముగ్గురం ఇంటికొచ్చాం. అవ్వ తర్వాత ఏడెనిమిదేళ్లు బతికింది, ఆవిడకు ఈ సంగతి మేము ఏనాడూ తెలియనివ్వలేదు.

దారిలో ఆయన ఒక్క మాటే అన్నారు. సంతకం అయిపోయిందనే అనుకో, అయినా నువ్వు రమ్మని ఉంటే ఆ కాగితం చింపేసి వచ్చేవాణ్ణి అని. అందులో నిష్ఠూరం లేదు. మామూలుగానే అన్నారు. అప్పటిదాకా తప్పంతా కల్ అనే మాట మీదికి తోసేద్దామని చూస్తున్నదాన్ని, నడిసందులో ఆగిపోయాను.

ఆయన పోయి నాలుగేళ్లయింది. నన్ను ఒంటరిగా ఉండనివ్వనని అమ్మాయి ఇక్కడికి తెచ్చుకుంది. అల్లుడికి ఎడారి లోపల క్యాంపులో రెండేసి వారాల డ్యూటీ. మొన్న రాత్రి వీడియోలో మాట్లాడుతూ మా అమ్మాయి, నువ్వు లేక నాకు బుద్ధి పడ్తలేదు, లీవు పెట్టి రా అనేసింది, పక్కన నేనున్నానన్న సంకోచం కూడా లేకుండా. అతను నిజంగానే మరుసటి రోజు వచ్చేశాడు. ఇవాళ్టి మాట ఎంత స్పష్టంగా వినిపిస్తున్నదో, మనిషి మొహం ఎంత దగ్గరగా కనిపిస్తున్నదో అని మనమంతా మెచ్చుకుంటాం. నాకైతే పిల్లలు ఆ మాట అంత సులువుగా అనేయడమే ఎక్కువ వింతగా ఉంది. సంతోషమే, అబద్ధమెందుకు, కాస్త ఈర్ష్య కూడా. పెళ్లయిన నాటి నుంచి ఆయన పోయేదాకా ఆయనతో లక్ష మాటలు మాట్లాడి ఉంటాను. మీరు లేకపోతే నాకు బాగుండదు, రండి అని మాత్రం ఒక్కసారీ నా నోటితో అనలేదు.