సంచిలో కాలు

మోకాలి కింద కాలు తీసేశాక మొదటిసారి, చంకకర్రలతో బస్సెక్కాను. చల్లపల్లి నుంచి విజయవాడకి. కిటికీలోంచి పొలాలు చూస్తూనే ఉన్నాను గానీ ఏమీ అనిపించలేదు. ఆ రోజుల్లో నాకు దేనికీ ఏమీ అనిపించేది కాదు.

పక్కసీట్లో ట్రాక్‌సూట్ వేసుకున్న ఒకమ్మాయి కూర్చుంది. ఆమెకు ఒకటి పెట్టుడుకాలు. పరుగు పందేల్లో దాని బదులు తొడుక్కునే బ్లేడు వేరే సంచిలో పెట్టుకుంది. కొడవలిలా వంగిన దాని కొస సంచిలోంచి బయటికొచ్చింది. ఉయ్యూరు దాటాక బస్సు కుదుపుకి ఆ కొస నా మోచేతికి తగిలింది. ఆమె గబుక్కున నా భుజం తాకి, వేళ్లు కళ్లకద్దుకుంది.

“సారీ అండీ, కాలు తగిలింది.”

“సంచిలోది కదమ్మా!” అన్నాను.

“ఎక్కడుంటే ఏంటండీ, రేపు పరిగెత్తేది దాంతోనేగా” అంటూ జిప్పు లాగింది.



నా పెట్టుడుకాలు మూడు నెలలుగా మంచం కింద అట్టపెట్టెలోనే ఉంది. ఇంట్లో అందరం దాన్ని ‘ఆ సామాను’ అనేవాళ్లం. తిరిగొచ్చిన రోజు దాన్ని బయటికి తీస్తుంటే మడమ అక్కకు తగిలింది. నేను ఆమె భుజం తాకి కళ్లకద్దుకున్నాను.

“ఎందుకురా?” అంది అక్క.

“కాలు తగిలిందక్కా.”