మూడో చదువు ఎమ్మిగనూరులో

గిడ్డయ్యకు తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నది ఒకటే పిచ్చి. ఏ కాగితమైనా సరే, ముగ్గురు చదివి వినిపిస్తే తప్ప అందులో ఉన్నది నమ్మడు.

ఆదోని జిన్నింగు మిల్లులో దూది బేళ్లు మోసే హమాలీ అతను. ఇరవై ఏళ్లుగా అదే బేలుకు రెండోవైపు పట్టే మారెప్పకు నడుం నొప్పికంటే ఈ పిచ్చితోనే ఎక్కువ బాధ. మొదటి చదువు మిల్లు గుమాస్తా శ్రీపాదరావుది. రెండోది గేటు ముందర టీ హోటలు బసవన్నది. మూడోది మాత్రం ఆదివారమే. గిడ్డయ్య సొంతూరు ఎమ్మిగనూరులో అంబాబాయి అని రిటైరైన టీచరమ్మ ఒక్కతే ఉంటుంది, ఆమె చదవాలి. మంగళవారం వచ్చిన కాగితం ఆదివారం దాకా అబద్ధమే.

మారెప్ప చెల్లెలి కూతురి పెళ్లి శుక్రవారం. పత్రిక ఇస్తే ఇద్దరిచేత చదివించుకుని జేబులో పెట్టుకున్నాడు. సోమవారం పొద్దున కొత్త చొక్కాతో దిగాడు.

"పెండ్లి అయిపాయ గదరా! పిల్ల అత్తగారింటికి కూడా పాయ!"

"నాకు నిన్ననే గదప్పా నమ్మకం కుదిరింది. యాడుంది భోజనం?"

ఇంకోసారి దగ్గు పట్టుకుంటే ఆసుపత్రిలో సీసా ఇచ్చారు. మూత తియ్యలేదు. సీసా మీది చీటీకి మూడో చదువు అయ్యేలోపల దగ్గే తగ్గిపోయింది. "మందు గట్టిది మారెప్పా, తాగకుండానే పనిచేసింది" అని అందరికీ చూపించాడు.

ఇట్లాంటి మనిషి చేతికి ఇద్రీసు కాగితాలు ఎట్లా చిక్కాయో చెప్పాలి.

ఇద్రీసుది సూడాను దేశం. వాళ్లదీ పత్తి పండే నేలే. హైదరాబాదులో పత్తి చదువు చదువుకుంటూ, సెలవుల్లో ఆదోని వచ్చి మిషను పక్కన నిలబడి చూసి నేర్చుకునేవాడు. మారెప్ప ఇంటి ముందు గదిలో ఉండేవాడు. మారెప్ప పెళ్లాం తిప్పమ్మ చేసే బొరుగుల ఉగ్గాని తిని తిని తెలుగు కూడా వచ్చేసింది, చదవడం తప్ప. ఎనభై ఐదులో చదువు అయిపోయింది. మిల్లు సేటు మిషన్లు చూసుకునే ఉద్యోగం ఇస్తానన్నాడు. అయితే చదువు కోసం ఇచ్చిన వీసా గురువారంతో సరి. ఆ సాయంత్రం అయిదు లోపల ఉద్యోగం వీసాకు కాగితాలు కర్నూలు పోలీసు ఆఫీసులో ఇయ్యాలి. లేకుంటే పెట్టె సర్దుకుని దేశం దాటాలి. సేటేమో ఊళ్లో లేడు. బుధవారం రాత్రి వచ్చి సంతకం పెట్టాడు.

తిప్పమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. "పిల్లోన్ని పంపించేస్తారంటనా?" అని మారెప్పను నాలుగుసార్లు అడిగింది. మారెప్ప నాలుగుసార్లూ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

గురువారం పొద్దున శ్రీపాదరావు కవరు తెచ్చాడు. సేటు ఇంగ్లీషు ఉత్తరానికి తోడు, ఇద్రీసు మీద ప్రేమ కొద్దీ తనే తెలుగులో ఒక కాగితం రాసి లోపల పెట్టాడు. దాన్ని పైకి చదివాడు. బసవన్న మళ్లీ చదివి కళ్లు తుడుచుకున్నాడు.

"ఎంత బాగా రాసినావు సామీ! కన్నతండ్రి కూడా ఇట్ల రాయడు."

గిడ్డయ్య ఆయన చేతిలోంచి కవరు లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. "ఇద్దరైనారు."

"ఒరే, ఈ పొద్దు ఆదివారం కాదు!" అని మారెప్ప అరిచాడు.

బస్టాండులో కాచుకున్న ఇద్రీసుతో కలిసి ముగ్గురూ కర్నూలు బస్సెక్కారు. ఎమ్మిగనూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగుతుందని కండక్టరు అన్నాడో లేదో, గిడ్డయ్య కవరుతో సహా దిగి పరుగు.

"యాడికి పోతాండావురా? కవరన్నా ఇచ్చిపోరా!"

"ఇప్పుడే వస్తా, ముక్క సదివించుకోని!"

మారెప్ప చెప్పులు చేత్తో పట్టుకుని వెంటపడ్డాడు. వాళ్ల వెనక ఆరడుగుల ఇద్రీసు "గిడ్డన్నా, బస్ జాయేగా! బస్సు పోతాది!" అని కేకలు పెడుతూ ఉరికాడు. చూసినవాళ్లు దొంగతనం అనుకుని ఇద్దరు ముగ్గురు కలిశారు కూడా. అంబాబాయి వాకిట్లో కసువు ఊడుస్తోంది. చీపురు గోడకు ఆనించి, కళ్లజోడు పెట్టుకుని చదవసాగింది.

"ఈ అబ్బాయి ఏడాదిగా రాత్రీపగలూ మా మిల్లులోనే పని చేసినాడు. జీతం ఒక్కసారి కూడా అడగలేదు..."

ఆగింది. ఇద్రీసును తల పైకెత్తి చూసింది.

"ఇది నిజమేనా నాయనా?"

"లేదమ్మా! సెలవుల్లో వచ్చి చూసి నేర్చుకున్నా. అంతే!"

"నీ పాస్‌పోర్టు ఇట్లా ఇవ్వు." తిప్పి చూసింది. "చదువుకోవడానికి వచ్చినవాడు పని చెయ్యకూడదని ఈడ ముద్ర ఉంది. ఈ కాగితం చూస్తే ఏడాదంతా దొంగతనంగా పని చేసినావనుకుంటారు. ఈ పొద్దే పొమ్మంటారు. ఎవడు రాసినాడిది?"

"మా శ్రీపాదరావు, మెచ్చుకోని..." అన్నాడు మారెప్ప.

అంబాబాయి తెలుగు కాగితం మడిచి చింపేసింది. "సేటు ఉత్తరం చాలు. పరిగెత్తండి."

పరిగెత్తారు. బస్సు లేదు. తర్వాతి బస్సు మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చింది. అది కూడా కోడుమూరు దాటాక చక్రం గాలి పోయి అరగంట నిలబడింది. ఇద్రీసు గడియారం వైపు చూడటం మానేసి, చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. గిడ్డయ్య దిగి చక్రం మార్చడానికి చెయ్యి వేశాడు.

ఆఫీసుకు చేరేసరికి అయిదుకు పది నిమిషాలు తక్కువ. గది తలుపుకు తాళం. తలుపు మీద తెలుగులో చేత్తో రాసిన కాగితం. మారెప్పకు అక్షరం రాదు. ఇద్రీసుకు ఈ లిపి రాదు. వరండాలో పురుగు కూడా లేదు.

"అయిపాయ" అంటూ మారెప్ప మెట్ల మీద కూలబడ్డాడు.

గిడ్డయ్య కాగితం వైపు చూశాడు. అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఈ సెక్షను వెనక మేడమీదికి మార్చడమైనది. అయిదు తర్వాత కాగితాలు తీసుకోబడవు" అని గడగడా చదివి, "లెయ్యప్పా! మేడమీద!" అని ఇద్రీసు చెయ్యి పట్టి లాగాడు.

మేడమీద గుమాస్తా బీరువా మూస్తున్నాడు. మళ్లీ తెరిచాడు. ఉత్తరం చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, ముగ్గురి చెమట చూశాడు. టపీమని ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. "జవాబు వచ్చేదాకా ఈడనే ఉండొచ్చు." ఇద్రీసు ఆ రసీదును కళ్లకద్దుకున్నాడు. నెల తర్వాత ఉద్యోగం వీసా వచ్చింది, అది వేరే మాట.

తిరుగు బస్సులో మారెప్ప తట్టుకోలేకపోయాడు.

"నీకు చదువొస్తాదా?"

"హమాలీల యూనియన్ రాత్రి బడిలో నేర్చుకుంటి. మూడేండ్లాయ."

"మరి నా ప్రాణం ఎందుకురా తీసినావు?"

గిడ్డయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. "రిటైరైనంక ఆయమ్మ గడప తొక్కేవాళ్లు లేరు. ఒకనాడు నాతో అనింది, వారంలో నోరు తెరిసేది పాలోనితో మాత్రమేనని. అందుకే కాగితాలు తీస్కపోతాండా. ఒక్కామె దగ్గరికే పోతే జాలి అనుకుంటాది. ముగ్గురి దగ్గరికి పోతే పిచ్చి అనుకుంటాది. పిచ్చి అయితే మర్యాదగా ఉంటాది గదప్పా."

మారెప్ప తన కండువా తీసి గిడ్డయ్య ఒళ్లో పెట్టాడు, మొహం తుడుచుకోమని.

ఆ ఆదివారం తిప్పమ్మ చేసిన బొరుగుల ఉండలు తీసుకుని మారెప్ప అంబాబాయి ఇంటికి వెళ్లాడు. రసీదు సంగతి చెప్పాడు. గిడ్డయ్య గుట్టు మాత్రం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆమే నవ్వింది.

"వానికి చదువొచ్చని చెప్పాలనా? నాకు మూడేండ్ల నుంచీ తెలుసు. తమాషా మాటలుంటే, నేను వాక్యం చివరికి పోకముందే నవ్వుతాడు."

"మరి సెప్పలేదేమమ్మా?"

"చెప్తే వచ్చే ఆదివారం ఏ మొహంతో వస్తాడు? ఇంత దూరం ఎండలో వచ్చేవాణ్ణి పోగొట్టుకోమంటావా?"

అంతలో గిడ్డయ్య వచ్చాడు, బజ్జీలు కట్టిన పాత వారపత్రిక ముక్క చేతిలో పట్టుకుని. అంబాబాయి కళ్లజోడు పెట్టుకుని జోకు చదవడం మొదలుపెట్టింది. సగంలో ఆపి, తీరిగ్గా చెంబెత్తి నీళ్లు తాగింది.

గిడ్డయ్య అప్పటికే కిసుక్కుమన్నాడు.

"ఏమిరా నవ్వుతాండావు?"

"దగ్గమ్మా, దగ్గు!"

మారెప్ప చప్పున ఒక బొరుగుల ఉండ నోట్లో కుక్కుకుని, సున్నం రాలిన గోడను చాలా శ్రద్ధగా చూడసాగాడు.