ఒక్క జొన్న చేను

మా ఊరి పిట్టలకు ఆమె గొంతు బాగా తెలుసు. పక్కింటి పెద్దవ్వ మంచె ఎక్కి "హోయ్" అని కేకేస్తే, చెయ్యెత్తినా ఆగని కథలాపూర్ బస్సు కూడా ఆగుతుందని నేను అందరికీ చెప్పేవాణ్ణి.

కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక మా వైపు జొన్న తినేవాళ్ళు తగ్గారు. తినేవాళ్ళు లేక వేసేవాళ్ళు మానుకున్నారు. చుట్టూ వరి, మక్క. మధ్యలో పెద్దవ్వ జొన్న చేను ఒక్కటే. దాంతో ఊళ్ళ పిట్టలన్నీ అక్కడే దిగేవి.

"ఇంట్ల బియ్యం ఉండంగ నీకు గీ తిప్పలెందుకు పెద్దవ్వా?"

"మావోడు అచ్చిననాడు జొన్న గట్కనే అడుగుతడు కొడుకా. బువ్వతోని వాని కడుపు నిండది."

ఆ కొడుకు అన్నలతో అడవిలోకి పోయి ఏళ్ళయింది. ఆమె మాత్రం పొరుగూరికి పోయినట్టే చెప్పేది.

"మరి పిట్టలేం జెయ్యాలె? పాపం, వాటికి రేషన్ కార్డు లేదాయె" అన్నాను. ఆమె నవ్వుతూనే ఒడిసెలలో రాయి పెట్టి విసిరింది.

ఆ ఏడు కంకులు పాలు పోసుకునే వేళ, సిరిసిల్ల వైపు ఎన్‌కౌంటర్‌లో ఆ కొడుకు చనిపోయాడు. దినాలు కాగానే ఆమె మళ్ళీ మంచె ఎక్కింది. కోరుట్ల కాలేజీకి పోతూ చూశాను. చేను నిండా పిట్టలు. ఒడిసెల ఆమె ఒళ్ళోనే ఉంది.

"పెద్దవ్వా, పిట్టలు!" అని నేనే అరిచాను.

"ఒర్రకు కొడుకా, తిననియ్యి" అంది. "పాపం, వాటికి కార్డు లేదాయె."