బోదె దాటిన గ్యాసు గొట్టం

1976 ఎండాకాలం. విజయవాడకి తూర్పున, హనుమాన్ జంక్షన్ దగ్గరి ఒక పంచాయతీ సమితిలో నేను గ్రామసేవికగా చేరి అప్పటికి ఏడాది దాటింది. గ్రామసేవిక అంటే పల్లెల్లో ఆడవాళ్ళ మధ్య తిరిగి పనిచేసే సమితి ఉద్యోగి. బాలవాడీలు, కుట్టు తరగతులు, పిల్లల తిండి గురించి నాలుగు మంచి మాటలు, ఇవీ మా పనులు. ఆ ఏడు వాటికి గోబర్ గ్యాస్ కూడా చేర్చారు.

నాకు కొత్తవాళ్ళ ఎదుట నోరు పెగలదు. ఊళ్ళో బస్సు దిగి, ముందు ఏ ఇంటి తలుపు తట్టాలో తేల్చుకోలేక అక్కడే నిలబడేదాన్ని. పగలు చెప్పలేకపోయిన మాటలన్నీ సాయంత్రం గదికి వచ్చి డైరీలో రాసుకునేదాన్ని. అలాంటి నన్ను పేడ గురించి ఉపన్యాసాలు ఇవ్వమన్నారు.

సంగతేమిటంటే, చమురు ధరలు పెరిగిన దగ్గర్నుంచి కిరసనాయిలు దొరకడం కష్టమైపోయింది. కొండపల్లి వైపు పెద్ద థర్మల్ స్టేషన్ కడుతున్నారని బస్సుల్లో అందరూ గొప్పగా చెప్పుకునేవారు. దాని కరెంటుతో దీపాలు వెలుగుతాయి, మోటార్లు తిరుగుతాయి. కానీ మా పల్లెల్లో ఎక్కువ మంట ఖర్చయ్యేది వంటింట్లో, అక్కడికి కరెంటు రాదు. అందుకని ఢిల్లీ ప్రభుత్వం పల్లె పొయ్యిల కోసం ఒక పథకం పెట్టింది. సబ్సిడీ, అంటే ఖర్చులో ప్రభుత్వం భరించే వాటా, కేంద్రానిది. ప్లాంటు నమూనా, దాన్ని పరీక్షించే ఇంజనీరు కూడా వాళ్ళ తరఫునే. సిమెంటు పర్మిటు, పని చూసే ఓవర్సీరు, ఊళ్ళో ఒప్పించే మనిషి రాష్ట్రం తరఫున. ఆ ఒప్పించే మనిషిని నేను.

మొదట వెళ్ళింది వెంకట్రామయ్య గారింటికి. ఎనిమిది గొడ్లున్న రైతు. ఆయన భార్య అనసూయమ్మ గారు వంటింట్లో ఉన్నారు. లోపలికి వెళ్ళి నిలబడగానే పొగకి నాకు దగ్గు వచ్చింది. ఆవిడకి ఎప్పటినుంచో ఉన్నట్టుంది, దగ్గుతూనే పొయ్యి ఊదుతున్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏదో చెప్పటానికి వచ్చావు, చెప్పవేం అమ్మాయ్?"

"పొగ లేకుండా వంట చేసుకోవచ్చండీ."

"ఎట్లా?"

"పేడతోనండీ."

ఆవిడ ఊదుగొట్టం పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశారు. "చదువుకున్నదానివేనా నువ్వు?"

అయినా ఆవిడే ఒప్పుకున్నారు. భర్తని కూడా ఆవిడే ఒప్పించారు. మా డెల్టాలో నాలుగడుగులు తవ్వితే నీళ్ళు ఊరతాయి కాబట్టి, కాలవలు కట్టేసిన రోజుల్లోనే గొయ్యి తవ్వాలి. గొడ్ల చావిడి పక్కన బావిలాంటి గొయ్యి తవ్వి ఇటుకలతో కట్టారు. దాన్ని డైజెస్టర్ అంటారు. పక్కనున్న తొట్టిలో పేడని నీళ్ళతో జావలాగా కలిపి అందులో పోస్తారు. ఆ జావని స్లర్రీ అంటారు. పైన బోర్లించిన పెద్ద ఇనప డ్రమ్ము, గ్యాస్ హోల్డర్. లోపల గ్యాసు పుట్టేకొద్దీ అది పైకి లేస్తుంది, వాడేకొద్దీ కిందికి దిగుతుంది. డ్రమ్ముని చూస్తే ఇవాళ గ్యాసు ఎంత ఉందో ఎవరికైనా తెలిసిపోతుంది.

డ్రమ్ము లారీ దిగిన రోజున బస్సులు ఆగే చోటున్న సోడా కొట్టాయన నన్ను ఆపాడు. "ఏవండీ సేవికమ్మ గారూ, ఆ గ్యాసుతో వండిన కూడు తింటే వెంకట్రామయ్య గారు అంబా అంటారేమో కనుక్కున్నారా?" అక్కడ కూర్చున్నవాళ్ళందరూ నవ్వారు. నేను గబగబా నడిచి వెళ్ళిపోయాను. ఆ తర్వాత కొన్ని వారాలకి డ్రమ్ము లేచింది, అనసూయమ్మ గారు నీలం మంట మీద పాలు పొంగించారు. ఆ రోజు అదే కొట్టు ముందునుంచి చాలా నెమ్మదిగా నడిచాను.

మా సమితిలో అది మొదటి ప్లాంటు. చూడటానికి కేంద్రం తరఫు ఇంజనీరు, హైదరాబాదు నుంచి రాష్ట్ర అధికారి కలిసి వస్తున్నారని బి.డి.ఓ. గారు, అంటే మా సమితికి పెద్ద అధికారి, కబురు చేశారు. వాళ్ళు మెచ్చుకుంటే చుట్టుపక్కల ఊళ్ళకి కూడా ప్లాంట్లు వస్తాయి. లేదంటే ఇదే మొదటిది, ఇదే ఆఖరిది.

ఆ వారంలోనే డ్రమ్ము కూర్చుంది.

నేను వెళ్ళేసరికి వెంకట్రామయ్య గారు తెల్ల పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, మోచేతులదాకా పేడతో తొట్టి దగ్గర నిలబడి ఉన్నారు. అనసూయమ్మ గారు అరుగు మీదనుంచి చెబుతున్నారు. "ఉండలు చితకాలండీ, ఉండలు. మరియమ్మ పిసికినట్టు పిసకాలి."

"అయితే నువ్వొచ్చి పిసుకు," అన్నారాయన.

మరియమ్మ వాళ్ళ చావిడి శుభ్రం చేసే మనిషి. మొదటినుంచీ పేడ కలిపి పోసింది ఆవిడే. రావడం మానేసింది. ఎందుకు మానేసిందని అడిగితే వెంకట్రామయ్య గారు మళ్ళీ తొట్టిలోకి వంగారు, అనసూయమ్మ గారు లోపలికి వెళ్ళిపోయారు.

చావిడి వెనక పంట బోదె ఉంది, పొలాలకి నీళ్ళు పారే సన్నటి కాలవ. అప్పుడు ఎండిపోయి ఉంది. దాటితే మరియమ్మ వాళ్ళ పేట. వరసలో మొదటి ఇల్లే ఆవిడది, గోడ మీద సున్నంతో సిలువ గుర్తు. నేను వెళ్ళేసరికి ముంగిట్లో తాటి మట్టలు ముక్కలు చేస్తోంది.

"ఒంట్లో బాగాలేదా మరియమ్మ గారూ?"

"నన్ను గారనకండి అమ్మాయిగారండీ, ఎవరన్నా ఇంటే నవ్వుతారు." చేతిలో పని ఆపలేదు. "ఒంట్లో బానే ఉంది. పొయ్యిలోకే బాగాలేదు."

అప్పుడు చెప్పింది. చావిడి బాగుచేసినందుకు ఆవిడకి జీతమంటూ లేదు. పేడ ఎత్తి పిడకలు చేస్తే సగం అమ్మగారింటికి, సగం ఆవిడకి. ఆ సగంతోనే ఆవిడ ఇంట్లో అన్నం ఉడుకుతుంది. ఇప్పుడు పేడంతా గోతిలోకి పోతోంది.

"పేడ అమ్మగారిదేనండీ. ఎత్తే చెయ్యి నాది. అందుకని సగం. మా అత్త నాటినుంచీ అంతే."

"పేడ కలిపినందుకు కూలి ఇస్తామనలేదా వాళ్ళు?"

"అన్నారు. డబ్బులు పొయ్యిలో పెట్టి ఎసరు కాగబెట్టుకోమంటారా? ఊళ్ళో కొనటానికి పుల్లలేవండీ?" కత్తి కింద పెట్టి మొదటిసారి నా మొహం చూసింది. "మీ కాయితంలో గొడ్లెన్నని రాసుకున్నారు, నీళ్ళు ఎక్కడినుంచి తెత్తారని రాసుకున్నారు. పేడ ఎవరు ఎత్తుకుపోతారని అడగలేదేం?"

ఆ సర్వే కాగితం ఢిల్లీలో తయారై, హైదరాబాదులో తెలుగై, నా చేతికి వచ్చింది. దారిలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

తిరిగి వస్తూ బోదె మధ్యలో నిలబడ్డాను. అటు డ్రమ్ము, ఇటు ఆవిడ వంటపాక. మధ్య దూరం ఎంతో లేదు. మర్నాడు మా ఓవర్సీరు గారిని అడిగాను.

"గ్యాసు సరిపోతుందమ్మా, ఎనిమిది గొడ్లాయె. గొట్టం బోదె కిందినుంచి వెయ్యాలి. కాలవలకి నీళ్ళు వదిలారంటే మళ్ళీ వచ్చే ఎండాకాలమే. అయినా సబ్సిడీ ఒక ఇంటికి ఒక వంటిల్లు లెక్కన. రెండో పొయ్యికి ఎవరిస్తారు?"

కాలవలకి నీళ్ళు వదిలే రోజులు దగ్గరకొచ్చాయి. మరియమ్మ ఏడాదిపాటు తాటి మట్టలు ఏరుకోవాలా?

ఈ సంగతి అనసూయమ్మ గారికి చెప్పాను. "మా డ్రమ్ములోంచి దాని ఇంటికి గొట్టమా?" అన్నారు. తర్వాత నూతి దగ్గర మూడోసారి చేతులు కడుక్కుని వాసన చూసుకుంటున్న భర్త వైపు చూశారు. "ముందు ఆఫీసర్లని రానీ."

మరియమ్మని కూడా ఆఫీసర్లు వచ్చే రోజున రమ్మన్నాను.

"నేను చెబితే ఆళ్ళకి తెలుత్తదా?"

"ఒకాయనకి తెలుగు రాదు. నేను ఇంగ్లీషులో చెబుతాను."

అనేశాను గానీ, బస్సులో దారంతా ఒక్కో మాటనీ లోపల్లోపలే ఇంగ్లీషులోకి మార్చి చూసుకుంటూ కూర్చున్నాను. నా ఇంగ్లీషంతా గ్రంథాలయం పుస్తకాలు తెచ్చుకుని గదిలో తలుపేసుకుని చదివినది. ఒక్క వాక్యం కూడా ఎవరితోనూ పైకి మాట్లాడి ఎరగను.

ఇద్దరు అధికారుల్నీ బి.డి.ఓ. గారు జీపులో తీసుకొచ్చారు. కేంద్రం ఇంజనీరు గారు పొడుగ్గా, మితభాషిలా ఉన్నారు. తిన్నగా ప్లాంటు దగ్గరికి వెళ్ళి, డ్రమ్ము ఎందుకు ఇంత కిందికి ఉందని ఇంగ్లీషులో అడిగారు.

రాష్ట్ర అధికారి నవ్వి, కూలీల ఇబ్బంది, సర్దుకుంటుందన్నారు. నేను చావిడి గుంజ దగ్గర నిలబడ్డ మరియమ్మ వైపు చూశాను. ఆవిడ నాకు చెప్పినదే, అదే గొంతుతో, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది. ఇంజనీరు గారు నా వైపు తిరిగారు.

"అంతా అక్కర్లేదమ్మా, టూకీగా చెప్పు," అన్నారు రాష్ట్ర అధికారి, మెల్లగానే.

నేను నేల చూస్తూ అంతా చెప్పాను. సగం పిడకల సంగతి, పొయ్యిలో పెట్టలేని డబ్బుల సంగతి, కాగితంలో లేని ప్రశ్న సంగతి. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. బోదె కింద గొట్టం మాట కూడా చెప్పి ఆపాను.

ఇంజనీరు గారు బోదె దాకా నడిచి చూసి వచ్చారు. గొట్టం వెయ్యవచ్చు. కానీ రెండిళ్ళకి గ్యాసు వెళితే అది సొంత ప్లాంటు కాదు, ఉమ్మడి ప్లాంటు. అందులో రాష్ట్రం కూడా వాటా పెట్టాలి, వాళ్ళు సరేనంటే తమకి అభ్యంతరం లేదన్నారు. రాష్ట్ర అధికారి గారు, పథకం ఢిల్లీది, వాళ్ళు సరేనంటే బోదె అనుమతి, గొట్టం ఖర్చు సమితినుంచి చూడటానికి తమకీ అభ్యంతరం లేదన్నారు. ఆయన మళ్ళీ, ముందు మీరు చెప్పండి అన్నారు. ఈయన, ముందు మీరే అన్నారు. ఎంతో మర్యాదగా, టీ గ్లాసులు చల్లారేదాకా ఇదే.

నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"సార్, ఆయన ఒప్పుకుంటే సరేనని మీరంటున్నారు. మీరు ఒప్పుకుంటే సరేనని ఆయనంటున్నారు. ఇద్దరూ ఒప్పుకున్నట్టే కదండీ?"

ఇదే ఇంగ్లీషులోనూ చెప్పాను. బి.డి.ఓ. గారు తల దించుకున్నారు. ముందు నవ్వింది ఇంజనీరు గారు. తర్వాత రాష్ట్ర అధికారి.

"ఒప్పుకోవాల్సినదాన్ని నేనూ ఒకదాన్ని ఉన్నాను," అన్నారు గుమ్మంలోంచి అనసూయమ్మ గారు. నవ్వులు ఆగిపోయాయి. ఆవిడ మరియమ్మనే చూస్తున్నారు. "నా పొయ్యి కోసం దాని పొయ్యి ఆర్పారంటే ఆ అన్నం నాకు సయించదు. వెయ్యండి గొట్టం. పొద్దున కాఫీ వేళ మాత్రం ముందు నేనే వెలిగించుకుంటా."

"నాకు కాఫీ ఎక్కడిదండీ," అంది మరియమ్మ. "కానీ అమ్మగారండీ, గొట్టం వచ్చాకే పేడ."

"ఈలోపల ఈయన్ని ఇంకా పిసకమంటావా?"

వెంకట్రామయ్య గారు మరియమ్మకి దణ్ణం పెట్టారు. మరియమ్మ నవ్వి, కొంగు నడుముకి దోపి తొట్టి దగ్గరికి వెళ్ళింది.

ఇంజనీరు గారు దాన్ని ప్రయోగంగా చూపిస్తామని, రెండో బర్నరు తమ సంస్థనుంచి పంపుతామని అక్కడే రాసిచ్చారు. కింద రాష్ట్ర అధికారి, గొట్టం పని సమితి చేస్తుందని రాశారు. రెండు సంతకాలూ ఒకే కాగితం మీద పడగా నేను చూడటం అదే మొదలు.

బోదెలోకి నీళ్ళు రాకముందే ఓవర్సీరు గారు గొట్టం పూడ్పించారు. వెలిగించిన రోజున మరియమ్మ పొయ్యి చిటపటలాడి ఆరిపోయింది. చుట్టూ మూగిన పేట ఆడవాళ్ళు నన్ను చూశారు. గొట్టంలో తేమ చేరి గ్యాసుకి అడ్డం పడిందని ఓవర్సీరు గారు కింద పెట్టిన చిన్న కుళాయి తిప్పారు. గ్లాసెడు నీళ్ళు కారాయి. మళ్ళీ అగ్గిపుల్ల గీస్తే నీలం మంట నిలబడింది.

మరియమ్మ అన్నం గిన్నె ఎక్కించి, అనుమానంగా వంగి చూసింది. "పొగే లేకపోతే ఉడుకుతుందో లేదో ఎట్టా తెలుత్తదండీ?"

ఇది జరిగి మూడేళ్ళయింది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళలో కూడా ప్లాంట్లు కట్టాం. ఇప్పుడు మా సమితి సర్వే కాగితంలో గొడ్లెన్ని అన్న దాని కింద ఇంకో ప్రశ్న ఉంది: ఈ పేడ ఇప్పటిదాకా ఎవరి పొయ్యిలోకి వెళుతోంది? రాష్ట్ర అధికారి గారు చేర్పించారు, ఇంజనీరు గారు బాగుందన్నారు. అడిగింది మరియమ్మ. రెండు భాషల్లో వాళ్ళకి చేరవేసింది నేను. నా ఉద్యోగంలో ఇప్పటిదాకా నేను గర్వంగా చెప్పుకోగలిగిన పని ఇది. కొత్త ఊరికి వెళితే ఇప్పటికీ నాకు నోరు పెగలదు. కానీ ఎటు వెళ్ళాలో తెలుసు. ముందు చావిడి వెనక్కి వెళ్ళి, అక్కడ పనిచేస్తున్న మనిషిని పలకరిస్తాను.

మొన్న ఆ ఊరు వెళ్ళాను. బోదె నిండా నీళ్ళు పారుతున్నాయి, గొట్టం కిందెక్కడో ఉంది. డ్రమ్ము సగానికి దిగింది. రెండు పొయ్యిలూ ఒకేసారి పెద్ద మంట పెడితే చాలదు. అనసూయమ్మ గారు పెరట్లోకి వచ్చి అవతలి ఒడ్డుకి కేకేశారు.

"మరియమ్మా, నీ అన్నం అయిందా? నేను పప్పు పెట్టుకోవాలి."

"వార్చేత్తన్నానండీ. ఒక్క నిమిషం ఆగండి."

ఆవిడ పప్పు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడి ఆగారు.