వణికిన ఎడమ గీత

పెళ్లై గద్వాలకు వచ్చిన మొదటి ఏడాది నేను చుట్టిన కండెలను మా అత్తమ్మ మళ్లీ విప్పి చుట్టేది. నన్నేమీ అనేది కాదు. నేను వంటింట్లోకి వెళ్లాక రాట్నం చప్పుడు వినబడేది, అంతే. ముందు గదిలో మా ఆయన మగ్గం మీద చీర నేసేవాడు. ఆ మగ్గానికి కావలసిన నూలును కండెలకు చుట్టి ఇవ్వడం ఇంట్లో ఆడవాళ్ల పని. నాకది పుట్టింట్లో అలవాటు కాలేదు. మా నాయన ఎప్పుడో మగ్గం వదిలేసి వనపర్తిలో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. నేను ఆ కొట్లో పెరిగాను. తీగలు అతకడం వచ్చు, పోగులు అతకడం రాదు. నా పెట్టెలో చీరల అడుగున తీగలు అతికే సోల్డరింగ్ ఐరన్ ఒకటి ఉందని అత్తగారింట్లో ఎవరికీ చెప్పలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. ఇంటికి సున్నం వేద్దామని అటక ఖాళీ చేస్తుంటే ఒక అట్టపెట్టె దొరికింది. లోపల రేడియో అంత నల్లటి డబ్బా, దానికి వైర్లతో తగిలించిన రెండు చిన్న పెట్టెలు. ఒక్కో పెట్టె మీద తిప్పడానికి ఒక్కో గుండ్రటి మర. టీవీకి కలిపి ఆడే ఆట అది. మా మామ బతికున్నప్పుడు చీరలు అమ్మడానికి బొంబాయి వెళ్లి, అక్కడి నుంచి తెచ్చాడట.

"తండ్రీ కొడుకులు తిండి గూడ మరిచి ఆడుతుండిరి" అంది అత్తమ్మ దుమ్ము తుడుస్తూ.

"నువ్వు ఆడలేదా అత్తమ్మా?"

"నాకెవలు ఇచ్చిండ్రు? నేను రాట్నం కాడ కూసొని సూస్తుంటి."

ఆ మధ్యాహ్నమే కొత్త బ్యాటరీలు తెచ్చి బ్లాక్ అండ్ వైట్ టీవీకి కలిపాను. తెర మీద అటొక గీత, ఇటొక గీత, మధ్యలో ఒక చుక్క కనబడ్డాయి. మర తిప్పితే గీత పైకీ కిందికీ కదులుతుంది. చుక్కను దాటిపోనివ్వకుండా దాంతో కొట్టాలి. అత్తమ్మ ఎడమ వైపుది తీసుకుంది. నా గీత నిలకడగా ఉంది. ఆమెది మాత్రం జ్వరం వచ్చినట్టు వణుకుతోంది. చుక్క పక్కనుంచే పోయింది. మళ్లీ పోయింది. ఆమె చెయ్యి చీరకు తుడుచుకుని మళ్లీ పట్టుకుంది. కాసేపటికి మరను నేల మీద పెట్టి, తన అరచేతిని చూసుకుంది.

"నా చెయ్యే వణుకుతుంది పిల్లా. వయసు మీద పడ్డది. ఇగ కండెలు గూడ నువ్వే సుట్టాలె."

ఆమె మొహం చూసి నాకు భయమేసింది. గబగబా మరలు మార్చాను. ఎడమది నా చేతికి వచ్చినా గీత అలాగే వణికింది. కుడిదానితో ఆమె గీత రాయిలా నిలబడింది.

"సూడు, నీ చెయ్యి కాదు. దీనికే రోగం."

ఆమె కుడి మరను ఇంకోసారి తిప్పి చూసి, "అమ్మయ్య" అంది.

మర్నాడు నేను బట్టలు ఉతుకుతుంటే ఆమె ఆ మర సందులో కుట్టుమిషను నూనె పోసింది. రాట్నం కీచుమంటే అలాగే చేస్తుంది మరి. ఒక్క పూట బాగానే ఉంది. సాయంత్రానికి లోపలి దుమ్ము నూనెలో ముద్దయి గీత తెరంతా ఎగరడం మొదలుపెట్టింది. ఆమె నాకు ఎదురుపడకుండా తిరిగింది.

ఆ వారంలోనే ఆత్మకూరు మీదుగా బస్సెక్కి పుట్టింటికి వెళ్లాను. మా నాయన పాత రేడియో నుంచి శబ్దం పెంచే మర ఒకటి ఊడదీసి ఇచ్చాడు. ఇంటికొచ్చి, నా చీరల పెట్టె తెరిచి, మొదటిసారి అందరి ముందూ సోల్డరింగ్ ఐరన్ బయటికి తీసి, ఎడమ మర బదులు దాన్ని బిగించాను. వణుకు పోయింది. కానీ సగం తిప్పేదాకా గీత కదలదు, ఆ తర్వాత ఒక్క దూకు దూకి తెర అంచుకు తగులుతుంది.

"ఏందిది, కదలమంటే కదలకపాయె, కదిలితే ఆగకపాయె?" అంది అత్తమ్మ.

శబ్దం మొదట మెల్లగా, తర్వాత జోరుగా పెరిగేలా చేసిన మర అది. ఈ ఆటకేమో తిప్పినంతే కదలాలి. ఇక పాతదాన్నే బాగుచెయ్యాలి. దాని రేకు మూత విప్పాను. లోపల గుర్రపు లాడం ఆకారంలో నల్లటి దారి, దాని మీద జరిగే సన్నని ఇత్తడి నాలుక ఉన్నాయి. మందుల షాపు నుంచి స్పిరిట్ తెప్పించి, దూదితో నూనె జిడ్డంతా తుడిచాను. ముప్పావు వంతు నయమైంది. కానీ ఎక్కడో ఒకచోట గీత ఇంకా ఉలిక్కిపడుతోంది. ఎక్కడో నాకు దొరకలేదు.

"గిటు తే" అని అత్తమ్మ మరను అందుకుంది. కళ్లు మూసుకుని, రెండు వేళ్లతో మెల్లగా తిప్పింది. ఒకసారి, ఇంకోసారి. టక్కున ఆగింది.

"ఈడ. పోగుల ముడి తగిలినట్టుంది."

వెలుతురులో పెట్టి చూశాను. సరిగ్గా అక్కడే నల్లటి దారి మీద వెంట్రుకంత గీటు పడి ఉంది. తండ్రీ కొడుకులు ఆడిన అన్నేళ్లూ నాలుక అదే దారిన నడిచి గీరేసింది. పిన్నీసు మొనతో నాలుకను రవ్వంత పక్కకు వంచాను, గీటు మీద కాకుండా అరగని చోట నడిచేలా. మూత బిగించి టీవీ పెట్టాను.

ఎడమ గీత నిలబడింది. తిప్పితే కదిలింది, ఆపితే ఆగింది.

ఆ రోజు ఆమె నన్ను మూడు ఆటలు ఓడించింది. మగ్గం దిగి వచ్చిన మా ఆయన గుమ్మంలో నిలబడి, "నేను జర ఆడుతనే అమ్మా" అన్నాడు. "నీ చిన్నతనమంత ఆడితివి గద!" అని అతన్ని నా వెనక కూర్చోబెట్టింది.

తర్వాత రెండేళ్లకు పాత టీవీ ఇచ్చేసి కలర్ టీవీ కొందామని షాపుకు వెళ్లాం. మా ఆయన ధర మాట్లాడుతుంటే అత్తమ్మ సంచిలోంచి నల్ల డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. వెంట తెచ్చిందని మాకే తెలియదు.

"దీనికి గిది పడుతదా, ముందుగాల సూపెట్టు" అంది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు షాపాయన అటూ ఇటూ తిప్పి చూస్తూ.

"నువ్వు కలుపు, మా కోడలు చెప్తది."

నేను వైరు ఎక్కడ పెట్టాలో చూపించాను. అంత పెద్ద తెర మీద గీతలు వచ్చాయి. చీరకొంగు నడుముకు దోపుకుని ఆమె ఎడమ మర పట్టుకుంది. షాపాయనకు కుడిది ఇచ్చింది. టీవీలు చూడ్డానికి వచ్చినవాళ్లంతా మా చుట్టూ చేరారు. షాపాయన ఎన్ని ఆటలు ఓడిపోయాడో నేను లెక్కపెట్టలేదు. నేను ఆమె వేళ్లనే చూస్తున్నాను.